సొంత రాక్ పాటను సింగిల్‌గా విడుదల చేయాలంటే ఏది ముందు, ఏది వెనక, డబ్బు ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖలో నలుగురి బ్యాండ్. డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు. గిటారిస్టుల్లో ఒకరే పాడతారు. కాలేజీ ఫెస్టుల్లో జనానికి బాగా నచ్చిన సొంత తెలుగు పాట ఒకటి ఉంది, నిడివి ఐదున్నర నిమిషాలు. హైదరాబాద్‌లో రెండు రోజులు స్టూడియో తీసుకుని రికార్డు చేసి, వచ్చే నెలలోనే సింగిల్‌గా, అంటే ఆల్బమ్ లేకుండా ఒక్క పాటగా, విడుదల చేద్దామనుకుంటున్నారు. ఈ వారమే ఇన్‌స్టాగ్రామ్‌లో తేదీ ప్రకటించబోతున్నారు. ఉన్న కాస్త డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, విడుదలకు ఏమేం కావాలి అన్నది మీ ప్రశ్న.

నేను హైదరాబాద్‌లో రికార్డింగ్, మిక్సింగ్ (విడివిడిగా తీసిన ట్రాకులను ఒక పాటగా కలపడం) చేస్తాను. సినిమా పని చేస్తాను, బ్యాండ్ల పనీ చేస్తాను. అసలు సమాధానం ముందే చెప్పేస్తాను.

తేదీ ఇప్పుడు ప్రకటించకండి. మాస్టర్ ఫైలు, అంటే విడుదలకు సిద్ధమైన చివరి ఫైలు, చేతికి వచ్చాక, అక్కడి నుంచి కనీసం నాలుగు వారాల తర్వాత వచ్చే శుక్రవారం చూసి పెట్టుకోండి. డబ్బులో ఎక్కువ భాగం డ్రమ్స్ రికార్డు చేసే రోజుకీ, మిక్సింగ్ చేసే మనిషికీ ఇవ్వండి. గిటార్లూ గొంతూ చిన్న గదిలో కూడా బాగానే వస్తాయి. వీటన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది: పాటను రిహార్సల్ గదిలోనే పూర్తి చేసుకోండి. స్టూడియోలో కూర్చుని ఆలోచిద్దాంలే అనుకున్న ప్రతి విషయానికీ గంటల లెక్కన అద్దె కడతారు.

స్టేజీ మీద బాగా పేలిన పాట రికార్డింగులో చప్పగా వినిపించడం మామూలే. స్టేజీ దగ్గర జనం అరుపులుంటాయి, లైట్లుంటాయి, సౌండు ఛాతీకి తగులుతుంది. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్లకు ఇవేవీ ఉండవు. వాళ్లకు అందేది పాట కట్టుబడి ఒక్కటే. అందుకని రిహార్సల్ గది మధ్యలో ఒక ఫోన్ పెట్టి పాటంతా రికార్డు చేయండి. వెంటనే వినకండి. మర్నాడు వాయిద్యాలు పక్కన పెట్టి, నలుగురూ తలా ఒక కాగితం పట్టుకుని వినండి. ఎక్కడ విసుగు పుట్టిందో నిమిషం, సెకను వేసి రాసుకోండి. వినేటప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు. ముగ్గురి కాగితాల్లో ఒకే చోటు పడిందంటే అక్కడ కత్తెర వేయాల్సిందే.

ఇది చిన్న బ్యాండ్ల కోసం చెప్పే చిట్కా కాదు. నిర్వాణ బ్యాండ్ 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌కు ముందు గాయకుడు కర్ట్ కోబేన్ నిర్మాత బుచ్ విగ్‌కు పంపింది రిహార్సల్‌లో బూమ్‌బాక్స్ మీద రికార్డు చేసిన క్యాసెట్. సౌండు పగిలిపోయి ఉన్నా పాట మాత్రం తెలిసింది. 1991 మే నెలలో లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో వాళ్లు రికార్డింగ్ మొదలుపెట్టారు. అందులోని 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' ఆ ఏడాది సెప్టెంబరు 10న సింగిల్‌గా వచ్చింది. మైకుల ముందుకు రాకముందే వాళ్ల చేతుల్లో పాట ఉంది. మీరూ అంతవరకు రండి.

ఐదున్నర నిమిషాల నిడివి గురించి మీరు విడిగా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇంతే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మూడు నిమిషాల లెక్క పాత 78 ఆర్‌పీఎం రికార్డుల కాలం నాటిది, ఆ పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది దాదాపు అంతే. 1949లో 45 ఆర్‌పీఎం ఏడంగుళాల రికార్డు వచ్చాక కూడా రేడియో వాళ్లకు అదే అలవాటు మిగిలింది. ద డోర్స్ బ్యాండ్ 'లైట్ మై ఫైర్' ఆల్బమ్‌లో దాదాపు ఏడు నిమిషాలు ఉంటుంది. సింగిల్ కోసం మధ్యలోని సోలోలు తీసేసి మూడు నిమిషాల లోపుకు తెచ్చారు. 1967 జులైలో అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ క్వీన్ బ్యాండ్ 'బొహేమియన్ రాప్సొడీ'. 5 నిమిషాల 55 సెకన్ల పాటను కత్తిరించడానికి బ్యాండ్ ఒప్పుకోలేదు. రేడియో జాకీ కెన్నీ ఎవరెట్ లండన్ క్యాపిటల్ రేడియోలో దాన్ని వారాంతంలో పదేపదే వేశాడు, జనం పాట కోసం రికార్డు షాపులకు వెళ్లారు. 1975 అక్టోబరు 31న విడుదలై బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఈ రెండో కథ చూపించి ప్రతి బ్యాండూ "మాదీ అంతే సార్, కత్తిరిస్తే పాట చచ్చిపోతుంది" అంటుంది. క్వీన్ పాటలో దాదాపు ప్రతి నిమిషానికీ కొత్త భాగం వస్తుంది. మీ పాటలో పల్లవి నాలుగోసారి అదే తీరులో వస్తుంటే పోలిక కుదరదు. నా సలహా: గొంతు మొదటి 20 సెకన్లలో వినిపించాలి. స్టేజీ కోసం పెంచుకున్న ఇంట్రో, రెండోసారి తిప్పి వాయించే సోలో సింగిల్‌లోంచి తీసేయండి. పెద్ద వెర్షన్ స్టేజీ మీద అలాగే ఉంచుకోండి, అక్కడ అది మీ బలం.

టెంపో (పాట వేగం) కూడా రిహార్సల్‌లోనే తేల్చుకోవాలి. క్లిక్ (చెవిలో టిక్ టిక్‌మంటూ వేగం చూపే చప్పుడు) పెట్టుకుని వాయించాలా వద్దా అన్నది పెద్ద గొడవ. నేనైతే క్లిక్ వైపే ఉంటాను, ఒక షరతు మీద: పాట మొత్తానికీ ఒకే అంకె పెట్టకండి. చరణం నిమిషానికి 122 బీట్ల దగ్గర హాయిగా ఉండి, పల్లవికి వచ్చేసరికి మీ డ్రమ్మర్ సహజంగానే 125కు వెళ్తుంటే ఆ తేడాను క్లిక్‌లోనే రాసుకోవచ్చు. దాన్నే టెంపో మ్యాప్ అంటాం. ఇప్పటిదాకా క్లిక్‌తో వాయించని డ్రమ్మర్‌కు దాన్ని మొదటిసారి స్టూడియోలో చెవిలో పెడితే చేతులు బిగుసుకుపోతాయి. నెల ముందు నుంచీ రోజూ దానితోనే వాయించమనండి.

ఇక డ్రమ్స్. మీ డబ్బంతా ఇక్కడ ఎందుకు పెట్టమంటున్నానో చెబుతాను. గిటార్ సౌండు తర్వాత మార్చుకోవచ్చు. గొంతు నచ్చకపోతే వారం ఆగి మళ్లీ పాడొచ్చు. ఒకసారి రికార్డయిన డ్రమ్స్‌కి ఆ గదే సగం సౌండు. గదిని తర్వాత మార్చలేం. మన దగ్గర చాలా స్టూడియోలు డబ్బింగ్ కోసం, పాటలు పాడించడం కోసం, కీబోర్డు ప్రోగ్రామింగ్ కోసం కట్టినవి. గది చిన్నది, గోడలన్నీ ఫోమ్, సీలింగ్ తక్కువ. గొంతుకు అవి చక్కగా సరిపోతాయి. రాక్ డ్రమ్స్‌కి మాత్రం సింబల్ (ఇత్తడి పళ్లెం) చప్పుడు నేరుగా సీలింగుకు తగిలి మైకులోకి వచ్చిపడుతుంది. అందుకని బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "లైవ్ డ్రమ్స్ మీ గదిలో తీసినవి ఉంటే వినిపిస్తారా?" మిక్స్ అయిపోయిన పాట వద్దు, డ్రమ్స్ ఒక్కటే వినిపించమనండి. సీలింగ్ ఎత్తుగా ఉండి, కనీసం ఒక గోడ చెక్కతోనో ఇటుకతోనో ఉన్న గది దొరికితే వెతుకులాట ఆపేయండి.

డ్రమ్స్ మీది స్కిన్లు కొత్తవి వేయించండి. రికార్డింగుకు ముందు రోజే వేసి, ట్యూన్ చేసి, కాసేపు గట్టిగా వాయించి, మళ్లీ ట్యూన్ చేయాలి. కొత్త స్కిన్ సాగుతుంది కాబట్టి అదే రోజు వేస్తే టేక్ టేక్‌కీ శ్రుతి దిగిపోతుంది. స్నేర్‌కి (కింద తీగలుండే చిన్న డ్రమ్) మీద ఎస్ఎం57 మైకు, కింద ఇంకో మైకు పెట్టి ఆ కింది మైకు పొలారిటీ తిప్పుతాం, అంటే దాని సిగ్నల్‌ను తలకిందులు చేస్తాం. కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) డీ112 లాంటి మైకు. ఓవర్‌హెడ్ మైకులు (డ్రమ్స్ పైన పెట్టేవి) రెండూ స్నేర్ మధ్య బిందువు నుంచి సమాన దూరంలో ఉండాలి. కంటితో చూసి సరిపోయిందనుకోకండి. ఒక మైకు కేబుల్ తీసి స్నేర్ మీద ఒక కొస పట్టుకుని రెండు మైకులకూ కొలుస్తాం. గాలిలో శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీ సెకన్లు పడుతుంది. ఒక మైకు జానెడు దూరం ఎక్కువున్నా స్నేర్ రెండు మైకుల్లో రెండు వేళల్లో పడి, కలిపినప్పుడు పలచబడుతుంది. డ్రమ్మర్ "నేను గట్టిగానే కొడుతున్నాను కదా" అంటాడు. గట్టిగా కొట్టింది నిజమే, సౌండు పోయింది ఆ కొలత దగ్గర.

ఇంకొకటి, బేస్ ఆంప్ (గిటార్ సౌండును పెంచి వినిపించే ఆంప్లిఫయర్) అదే గదిలో మోగుతుంటే కొన్ని నోట్ల దగ్గర స్నేర్ కింది తీగలు వాటంతట అవే జిర్రుమంటాయి. ఒక బ్యాండ్‌కు చరణం మొత్తం ఈ చప్పుడు పడింది. మొదట కేబుల్ అనుకున్నారు, తర్వాత సాఫ్ట్‌వేర్ అనుకున్నారు. బేసిస్టు ఓపెన్ 'ఏ' (A) తీగ ఒక్కటే మీటితే దొరికిపోయింది. ఆంప్ పక్క గదికి మార్చి తలుపేశాం, మిగిలిన రోజంతా మళ్లీ రాలేదు. బేస్‌ను డీఐ (గిటార్‌ను నేరుగా రికార్డింగ్ పరికరానికి కలిపే పెట్టె) ద్వారా నేరుగా ఒక ట్రాక్, ఆంప్ ముందు మైకు పెట్టి ఒక ట్రాక్ తీయండి. మిక్స్‌లో రెండూ పనికొస్తాయి.

డ్రమ్స్ తీసేటప్పుడు మిగిలిన ముగ్గురూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కనే వాయించండి. అవి గైడ్ ట్రాకులు మాత్రమే, తర్వాత తీసేస్తాం. కానీ డ్రమ్మర్ ఒంటరిగా క్లిక్‌తో వాయించిన దానికీ, ఎదురుగా మీ ముగ్గురి ముఖాలు చూస్తూ వాయించిన దానికీ తేడా వినగానే తెలుస్తుంది. బాగా వచ్చిన టేకులు రెండు మూడు దొరికితే చాలు. ఆ తర్వాత చేయి అలసిపోతుంది, కిక్ పడే చోటు వెనక్కి జరుగుతుంది.

గిటార్ల దగ్గర అందరికీ చెప్పే మాట ఒక్కటే: స్టేజీ మీద పెట్టే గెయిన్‌లో (సౌండు పగిలేలా చేసే ఆంప్ సెట్టింగ్) మూడో వంతు తగ్గించండి. ఒకే రిఫ్‌ను (పదేపదే వచ్చే గిటార్ ముక్క) రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెడతాం. ఇద్దరు గిటారిస్టులైతే నాలుగు ట్రాకులు. అన్నిటికీ నిండుగా గెయిన్ పెడితే కూరలో నలుగురూ తలా ఓసారి కారం వేసినట్టే, ఇక వేరే రుచి తెలియదు. గెయిన్ తగ్గితే పిక్ తీగకు తగిలిన దెబ్బ వినిపిస్తుంది, నాలుగూ కలిసినప్పుడు అదే బరువుగా మారుతుంది. ఒక ట్రాక్‌ను కాపీ చేసి రెండో వైపు పెట్టొద్దు, దాంతో వెడల్పు రాదు. నిజంగా రెండుసార్లు వాయించాల్సిందే. ప్రతి టేక్‌కూ ముందు శ్రుతి చూసుకోండి.

సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగల కంపనాన్ని ఒకే తీగచుట్టతో పట్టే) గిటారైతే గుయ్యిమనే 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని బిల్డింగుల్లో ఇంకా ఎక్కువ. గిటారిస్టును కుర్చీతో సహా మెల్లగా తిప్పి చూడండి. ఒక దిక్కుకు వచ్చేసరికి హమ్ బాగా తగ్గిపోతుంది. అక్కడ కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేప్ అంటించి, అన్ని టేకులకూ అక్కడే కూర్చోబెట్టండి. కాస్త పక్కన ఎక్కడైనా ట్యూబ్‌లైటో, పాత ఫ్యాన్ రెగ్యులేటరో ఉంటే ఆపేయండి. వాయించిన ప్రతిదీ నేరుగా డీఐ ట్రాక్‌గా కూడా దాచండి. ఆంప్ సౌండు తర్వాత నచ్చకపోతే దాన్నే మళ్లీ ఆంప్‌లోంచి పంపించి తీసుకోవచ్చు.

గొంతు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తెలుగు రాక్‌లో చాలా పాటలు ఇక్కడే దెబ్బతింటున్నాయి. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత నింపుతారు. దాంతో పొట్టి అక్షరం మీద పొడుగు స్వరం పడుతుంది. 'మది' అన్న మాటలో మొదటి అక్షరాన్ని సాగదీసి పాడితే వినేవాళ్లకు 'మాది' అని వినిపిస్తుంది. పాడే మనిషికి మాట ముందే తెలుసు కాబట్టి తేడా పట్టుబడదు. పాట తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి, ఒక్కసారి వినిపించి, విన్నది రాయమనండి. రాసిన దాంట్లో తప్పు పడిన చోట మాటైనా మార్చండి, స్వరమైనా మార్చండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర్లు సాగదీయడానికి హాయిగా ఉంటాయి, అరిచి పాడటానికీ బాగుంటాయి. మాట గుర్తుపట్టాలంటే మాత్రం మొదటి హల్లు తెలియాలి. సరిగ్గా ఆ హల్లులుండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోనే డిస్టార్షన్ (పగిలిన సౌండు) గిటార్లూ కూర్చుంటాయి. మిక్స్ ఇంజనీరు గిటార్లను అక్కడ కొంచెం తగ్గిస్తాడు. సింగర్ మాట మొదలును తేల్చి పలికితే ఆయన తగ్గించాల్సింది తగ్గుతుంది, గిటార్ల పదును మిగులుతుంది.

భ, ఫ, ప లాంటి అక్షరాల దగ్గర గాలి మైకుకు కొడుతుంది. పాప్ ఫిల్టర్ (గాలిని ఆపే తెర) పెట్టి, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పండి. అరిచి పాడే పాటకు ఖరీదైన కండెన్సర్ మైకే కావాలనేం లేదు, ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైకు చాలాసార్లు మేలు. గదిలో ఏసీ ఆపేయాలి. అందుకే విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం పాడించకండి, పొద్దున్నేనో రాత్రో పెట్టుకోండి. నాలుగైదు టేకులు మొదటి నుంచి చివరి దాకా పాడించి, వాటిలోంచి ఏరుకుని ఒకటి కూర్చుకుంటాం. పల్లవిని రెండోసారి పాడించి కింద కలపండి. కోబేన్‌కు ఇలా రెండుసార్లు పాడి కలపడం ఇష్టం ఉండేది కాదు, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా ఇలాగే చేసేవాడని చెప్పి విగ్ ఒప్పించాడు. మీ సింగర్ ఒప్పుకోకపోతే ఈ సంగతి చెప్పండి.

పైన చెప్పినదాన్ని బట్టి మీ రెండు రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటి రోజు పెద్ద గదిలో డ్రమ్స్, బేస్. రెండో రోజు ఆ గది అక్కర్లేదు, అద్దె తక్కువ ఉండే చిన్న స్టూడియో చాలు, గిటార్లు అక్కడ. గొంతు వేరే రోజు, వీలైతే విశాఖలోనే. రెండు రోజులు వరసగా అరిచి, రైలు ప్రయాణం చేసి వచ్చిన గొంతుతో పాడించవద్దు. ఫైళ్లన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫార్మాట్‌లో తీయించండి, రెండు స్టూడియోల్లోనూ అదే సెట్టింగ్ ఉండాలి.

మిక్స్ మీ బ్యాండ్‌లో ఎవరూ చేయకండి. చేయడం వచ్చినా సరే. ఎవరి వాయిద్యం వాళ్లకు తక్కువగా వినిపిస్తుంది. ఇంజనీరుకు మీకు నచ్చిన పాటలు రెండు మూడు పంపి, వాటిలో ఏం నచ్చిందో కూడా చెప్పండి: ఒకదాంట్లో స్నేర్, ఇంకోదాంట్లో గొంతు దగ్గరగా ఉండటం. మొదటి మిక్స్ వచ్చాక నలుగురూ నాలుగు వాట్సాప్ మెసేజ్‌లు పెట్టడం వద్దు. "పంచ్ తక్కువైంది బ్రో" అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఇయర్‌ఫోన్స్‌లో, ఫోన్ స్పీకర్‌లో, కారులో విని, ఒకరు మాత్రమే ఒక జాబితా పంపండి: "1:12 దగ్గర రెండో గిటార్ మాటను కప్పేస్తోంది" అన్నట్టు. రెండు మూడు విడతల్లో అయిపోతుంది.

మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటను విడుదలకు సిద్ధం చేసే చివరి మెరుగు) గురించి ఒక్క మాట. స్పాటిఫై పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. మీరు మరీ గట్టిగా వినిపించాలని పాటను నొక్కించుకుంటే వాళ్లు తగ్గిస్తారు, నొక్కిన నష్టం మాత్రం పాటలో మిగిలిపోతుంది. అలాగని రాక్ పాటను సరిగ్గా మైనస్ 14కే చేయాలనీ లేదు. డ్రమ్స్ దెబ్బ బతికి ఉన్నంతవరకు ఎంత గట్టిగానైనా ఉండొచ్చు. ట్రూ పీక్ (సౌండు చేరే అత్యధిక స్థాయి) మైనస్ 1 డీబీ దాటకుండా చూడమనండి.

ఇప్పుడు కాగితాలు. దీన్ని విడుదలకు ముందే చేయాలి, పాట హిట్టయ్యాక చేయడం ఎవరి వల్లా కాదు. మన కాపీరైట్ చట్టం, 1957 లెక్కలో ఒక పాటలో మూడు వేరు వేరు హక్కులున్నాయి: మాటలు, ట్యూన్, రికార్డింగ్. మాటలు రాసినవారెవరు, ట్యూన్ కట్టినవారెవరు, ఎవరికెంత శాతం అన్నది ఒక పేజీలో రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. రికార్డింగ్ హక్కు చట్టం ప్రకారం నిర్మాతది, అంటే ఆ రికార్డింగ్ చేయించడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తిది. మీలో ఒకరి అన్నయ్య డబ్బు పెడుతున్నారని రాశారు. ఆయన అప్పిస్తున్నారా, నిర్మాతగా ఉంటున్నారా అన్నది ఇప్పుడే తేల్చి రాసుకోండి. ఆయన మంచివారే కావచ్చు, గొడవలు వచ్చేది మంచివాళ్ల మధ్యే. ఒకే ఊరి కుర్రాళ్లు, చిన్నప్పటి స్నేహితులు, పాటకు వ్యాపార ప్రకటన అవకాశం వచ్చిన రోజు మాటలు మానేయడం నేను చూశాను. పాట ఇప్పటికీ ఆన్‌లైన్‌లో లేదు. అంత మంచి పాట అలా పోవడం నాకు ఇవాళ్టికీ బాధే.

డబ్బు వాటాల గొడవ క్వీన్ బ్యాండ్‌లో కూడా జరిగింది. 'బొహేమియన్ రాప్సొడీ' సింగిల్ రెండో వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట ఉంది. రికార్డు అమ్ముడైన ప్రతిసారీ రెండు వైపుల రచయితలకూ సమానంగా రాయల్టీ వెళ్లింది. అది బ్యాండ్‌లో చాలాకాలం కలతకు కారణమైంది. 1989లో వచ్చిన 'ద మిరకిల్' ఆల్బమ్ నాటికి పాటలన్నీ ఎవరు రాసినా క్వీన్ పేరు మీదే వేసుకోవాలని నిర్ణయించుకున్నారు. నలుగురూ రిహార్సల్‌లో కలిసి కట్టే పాటలైతే మీకూ నేను అదే చెబుతాను: ట్యూన్ నాలుగు సమాన భాగాలు, మాటలు రాసినవారికి విడిగా. ఇది నా అభిప్రాయం, చట్టం అలా చెప్పదు.

రేపు ఏదైనా లేబుల్ వచ్చి పాట రాసివ్వమంటే, ఎన్నేళ్లకు, ఏ దేశాలకు అన్నది ఒప్పందంలో ఉందో లేదో చూడండి. రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లు, భారతదేశం వరకే అని లెక్క. 2012 సవరణ తర్వాత మాటలు రాసినవారూ సంగీతం కట్టినవారూ తమ రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. రచయిత, స్వరకర్త ఇద్దరూ ఐపీఆర్‌ఎస్‌లో, అంటే రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి పెట్టే సంఘంలో, సభ్యులుగా చేరండి.

విడుదలకు డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి డిస్ట్రిబ్యూటర్ (పాటను స్ట్రీమింగ్ సర్వీసులన్నిటికీ పంపే కంపెనీ) ద్వారా వెళ్లాలి, స్పాటిఫైకి మీరు నేరుగా పాట పంపలేరు. వాళ్లకు కావాల్సినవి వేవ్ మాస్టర్, 3000 పిక్సెళ్ల చదరపు కవర్ బొమ్మ, రచయితల అసలు పేర్లు. కవర్ మీద ఇన్‌స్టా ఐడీ, వెబ్‌సైట్ అడ్రసు వేస్తే తిప్పి పంపుతారు. పాట పేరు, బ్యాండ్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ఒకటే స్పెల్లింగ్ ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడండి. అదే పేరుతో ఇంకే దేశంలోనో బ్యాండ్ ఉంటే మీ పాట వెళ్లి వాళ్ల పేజీలో పడుతుంది, దాన్ని తెచ్చుకోవడానికి రోజులు పడుతుంది. ముందే వెతికి చూడండి. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవడం మర్చిపోవద్దు. పాటకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ వాళ్లే ఇస్తారు, దాన్ని దాచుకోండి. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇస్తే పాత వ్యూల లెక్క పోకుండా ఉండే అవకాశం ఉంటుంది. ఇంట్రోలో ఎక్కడైనా ఇంటర్నెట్ నుంచి తీసుకున్న లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం ముక్క) వాడారా? వాడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ పాట వాడిన వీడియోలను పట్టే ఏర్పాటు) పెట్టించవద్దు. అదే లూప్ వాడిన ఇంకొకరి వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది.

నాలుగు వారాలు ఎందుకో ఇప్పుడు చూడండి. అప్‌లోడ్ చేసిన పాట అన్ని సర్వీసుల్లోకి చేరడానికి కొన్ని రోజులు. ఏదైనా తప్పు పడి తిప్పి పంపితే ఇంకొన్ని. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో (బ్యాండ్లు తమ స్పాటిఫై పేజీని నడుపుకునే చోటు) పాటను ప్లేలిస్టు ఎడిటర్లకు పంపే అవకాశం విడుదలకు ముందే ఉంటుంది, తర్వాత ఉండదు. విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపితే మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులో ఆ పాట పడుతుంది. అక్కడ రాసే నాలుగు వాక్యాల్లో "మా కల" గురించి రాయకండి. తెలుగు రాక్ అని, పాట దేని గురించో, ఏ ఊరి బ్యాండో, ఏ వేదికల మీద వాయించారో రాయండి. శుక్రవారం ఎందుకంటే, 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటల విడుదల రోజు అదే. ఆ వారంలో పెద్ద హీరో సినిమా పాట వస్తుంటే ఇంకో శుక్రవారానికి జరుపుకోండి.

డబ్బు ఆశ గురించి కూడా సూటిగా చెబుతాను. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్. 2024 నుంచి గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. సింగిల్‌తో పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుందని లెక్క వేసుకోకండి. దాంతో వచ్చేది ఇంకో షో, ఇంకో ఊరు. స్ట్రీములు అమ్ముతామని మెసేజ్‌లు పెట్టేవాళ్లుంటారు, వాళ్ల జోలికి పోవద్దు. దొంగ స్ట్రీములు పట్టుబడితే డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా పడుతుంది, వాళ్లు మీ పాట తీసేస్తారు.

వీడియో అదే రోజు రావాలా అన్నారు. అక్కర్లేదు. విడుదల రోజు యూట్యూబ్‌లో సాహిత్యం కనిపించే వీడియో చాలు. మీ తరహా పాటకు రెండో వారంలో, రిహార్సల్ గదిలో నలుగురూ వాయిస్తున్న లైవ్ వీడియో ఎక్కువ పని చేస్తుంది. కొత్త బ్యాండ్‌ను షోకు పిలిచేవాళ్లు చూసేది అదే: వీళ్లు నిజంగా వాయించగలరా అని.

స్టూడియో బిల్లు కట్టే రోజు హార్డ్ డిస్కు వెంట తీసుకెళ్లండి. మల్టీట్రాక్‌లు (ఒక్కో వాయిద్యం విడి ఫైళ్లు), గొంతు లేని వెర్షన్, మాస్టర్, టెంపో మ్యాప్ ఫైలు అన్నీ అడిగి తీసుకోండి. ఏడాది తర్వాత టీవీ షోలో గొంతు లేని ట్రాక్ కావాలంటారు, అప్పటికి ఆ స్టూడియోలో మీ ఫోల్డర్ ఉంటుందన్న నమ్మకం లేదు. రెండు కాపీలు తీసి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉంచండి. రిహార్సల్ రికార్డింగ్ ఫోన్‌లో తీశాక ఇక్కడే లింక్ పెట్టండి, ఎక్కడ కత్తిరించాలో నా కాగితం కూడా రాసి పంపుతాను.